పేట చరిత్ర – 17: అడుగుజాడల లెక్క



ఈ వారం చెరువు గురించి రాస్తానని పోయిన భాగంలో మాటిచ్చాను. ఆ మాట ఒక వారం వాయిదా వేస్తున్నాను, మన్నించండి. అమలాపురంలో ఈమధ్య ఒక మీటింగుకి వెళ్లాను. అక్కడ ఒక మేష్టారు అడిగిన ప్రశ్న నన్ను వదలట్లేదు. అది మన పేట చరిత్రకి సంబంధించిన ప్రశ్నే కాబట్టి ముందు అదే రాస్తున్నాను.

మీటింగు విషయం ఏమిటంటే, చర్చి బళ్లు కార్బన్ ఫుట్‌ప్రింట్ ఎలా తగ్గించుకోవాలి, దేవుడి సృష్టిని ఎలా కాపాడాలి అని. హాల్లో ఏసీ నడుస్తోంది. బయట వేపచెట్టు కింద జనరేటరు సిద్ధంగా ఉంది. గుమ్మానికి పెద్ద ఫ్లెక్సీ కట్టారు, దాని మీద పచ్చటి భూగోళం బొమ్మ. బల్లల మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు. ఇవన్నీ చూసి వెక్కిరించడానికి వెళ్లలేదు నేను. విషయం మంచిది, పిలిచారు, వెళ్లాను.

పట్నం నుంచి వచ్చిన శిక్షకుడు అందరికీ ఒక కాగితం ఇచ్చాడు. మీ బడికి ఎన్ని బస్సులు, ఎన్ని ఏసీలు, నెలకి కరెంటు బిల్లు ఎంత, డీజిల్ ఎంత, రాయండి అన్నాడు. అందరూ రాశారు. రాజోలు వైపు నుంచి వచ్చిన ఒక పెద్ద మేష్టారు, ఒక పేటలో చిన్న మిషను బడి నడుపుతున్నాయన, కాగితం ఖాళీగా ఇచ్చేశారు. శిక్షకుడు నవ్వుతూ "ఏమండీ, మీ బడికి బస్సు లేదా?" అన్నాడు.

"లేదండి. ఇరవై ముగ్గురు పిల్లలండి. అందరూ నడిచే వస్తారు."

హాల్లో కొందరు నవ్వారు. శిక్షకుడు మాత్రం నవ్వలేదు. "అయితే మీరే అందరికంటే ముందున్నారండి" అన్నాడు. మంచివాడే. అప్పుడు మేష్టారు లేచి అడిగారు.

"ఆయ్. మరి వచ్చే ఏడు మా బడి మూసేద్దామంటున్నారండి. మూసేస్తే ఈ లెక్క ఎంత పెరుగుద్దండి?"

ఎవరూ మాట్లాడలేదు. టీ వచ్చింది. టీ తాగి తర్వాతి స్లైడుకి వెళ్లిపోయారు.

ఆ లెక్క ఈ భాగంలో మనం వేద్దాం. కానీ దానికి ముందు చరిత్ర చెప్పుకోవాలి. మన పిల్లలు నడిచి వెళ్లే బడి మన పేటలో ఎందుకు ఉంది? ఎలా వచ్చింది? అది తెలియకుండా వేసే లెక్క తప్పుతుంది.

*

ఫుట్‌ప్రింట్ అంటే అడుగుజాడ. ఆ మాట వినగానే నాకు బాబాసాహెబ్ గుర్తొచ్చారు. 1936లో అచ్చయిన 'కులనిర్మూలన'లో ఆయన ఒక సంగతి రాశారు. పీష్వాల రాజ్యంలో పూనా నగరంలో అంటరానివాళ్లు నడుముకి చీపురు కట్టుకుని నడవాలి. వాళ్లు నడిచిన దుమ్ముని వెనకాల ఆ చీపురు తుడిచేస్తూ పోవాలి. ఎందుకు? ఆ అడుగుజాడ మీద సవర్ణుడు పొరపాటున అడుగేస్తే మైలపడతాడని.

అంటే భూమి మీద మన అడుగుజాడ ఉండకూడదని ఒక సమాజం ఎప్పుడో శాసనం చేసింది. ఈరోజు ప్రపంచమంతా అడుగుజాడ తగ్గించుకోవాలి అంటుంటే, మనకి ఆ మాట వేరేగా వినబడుతుంది. మా తాతల అడుగుజాడ చిన్నది. అది వాళ్ల పుణ్యం కాదు. వాళ్లని అడుగు పెట్టనివ్వలేదు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. అదే బాబాసాహెబ్ పేరు ఈ జిల్లాకి పెట్టినందుకు 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి. కోనసీమలో అడుగుజాడ అనే మాట ఇంకా బరువైన మాటే.

*

ఇక బడి సంగతి.

పాతకాలంలో ఊళ్లో వీధి బడి ఉండేది. ఏ బ్రాహ్మల అరుగు మీదో, ఏ రైతు చావిట్లోనో. దానికీ మనకీ సంబంధం లేదు. మన పిల్లలు ఆ అరుగు ముందు నుంచి గేదెల్ని తోలుకుపోయేవాళ్లు. అంతే.

1836లో ఇంగ్లండు నుంచి ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు తమ భార్యలతో తెరచాప ఓడ ఎక్కి మద్రాసులో దిగారు. అక్కడి నుంచి బందరు, ఆ తర్వాత నరసాపురం, పాలకొల్లు. దాన్నే తర్వాత గోదావరి డెల్టా మిషను అన్నారు. వశిష్ఠ గోదావరికి అవతల ఒడ్డున నరసాపురం, ఇవతల ఒడ్డున మన సఖినేటిపల్లి. మధ్యలో రేవు. ఆ రేవు దాటే సువార్తా వచ్చింది, పలకా వచ్చింది. రాజమండ్రిలో లూథరన్లు, కాకినాడ, రామచంద్రపురం వైపు కెనడియన్ బాప్టిస్టులు పనిచేశారు. ఎవరి సంఘం వారిదే, ఎవరి పద్ధతి వారిదే. కానీ ముగ్గురూ చివరికి చేరింది మాల మాదిగ పేటలకే.

వాళ్లు వచ్చిన కాలం చూడండి. 1833 నాటి డొక్కల కరువు ఇంకా జనం కళ్ల ముందే ఉంది. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది, 1852కి పూర్తయింది. ఆర్థర్ కాటన్ దొర విగ్రహం ఈరోజు మన దగ్గర ఏ ఊరి సెంటర్లో చూసినా కనబడుతుంది. నేను కాటన్‌ని తక్కువ చేయను. కానీ ఆ రాయి మోసిందెవరు, ఆ కాలవలు తవ్విందెవరు? ఆ కూలీల మధ్య బౌడెన్ పనిచేశాడు. తవ్విన కాలవల్లో నీళ్లొచ్చాయి. కరువు నేల వరి నేల అయింది. ఆ నీళ్లు ఎవరి పొలానికి వెళ్లాయి? పొలం ఉన్నవాడి పొలానికి. మన పేట ఎక్కడుంది? ఊరికి పల్లంలో, మురుగు కాలవ పక్కన. నీళ్లు పొలానికి పోయేటప్పుడు మన పక్క నుంచి పోలేదు. పొలంలోంచి మురుగై బయటికొచ్చేటప్పుడు మన పక్క నుంచి పోయాయి. డెల్టా పర్యావరణ చరిత్ర అంతా ఈ రెండు వాక్యాల్లో ఉంది.

బైబిలు చదవాలంటే అక్షరం రావాలి. అందుకని సంఘం ఉన్న ప్రతి పేటలో ఒక పాక వేశారు. తాటాకు కప్పు, మట్టి గోడ, పేడతో అలికిన నేల. ఆదివారం అదే గుడి, సోమవారం అదే బడి. పగలు పిల్లలు పశువుల వెంట ఉంటారు కాబట్టి చాలా చోట్ల రాత్రి బడి నడిచింది. 1854లో ఉడ్స్ డెస్పాచ్ వచ్చాక ప్రైవేటు బళ్లకి సర్కారు గ్రాంటు దొరికే దారి పడింది. 1893లో మద్రాసు ప్రభుత్వం పంచముల చదువు మీద ప్రత్యేకంగా ఒక ఉత్తర్వు ఇచ్చింది. దాన్ని పంచముల చదువుకి మాగ్నా కార్టా అన్నారు. కాగితం మీద ఎంత ఉన్నా, ఊరి బడిలో మన పిల్లాడు లోపల కూర్చునే రోజు రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. అప్పటిదాకా పేటలోని తాటాకు బడే దిక్కు.

మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న గారు 'పాలేరు' నాటకం రాశారు. పాలేరు పిల్లాడు చదువుకోవడమే అందులో కథ. ఒక పిల్లాడు బడికి పోవడం నాటకం అయ్యేంత పెద్ద సంగతి ఆ రోజుల్లో. అంటే ఊహించుకోండి.

*

మా నాయనమ్మ చదువుకోలేదు. కానీ మిషను కాంపౌండు గురించి ఆమె చెప్పినంత వివరంగా నాకు ఎవరూ చెప్పలేదు. అందులో మూడు సంగతులు రాస్తాను.

మొదటిది నుయ్యి. ఊళ్లో నూతి దగ్గర మనవాళ్లు దూరంగా నిలబడి దోసిలి పడితే ఎవరైనా దయ తలచి పోయాలి. కాంపౌండులో నుయ్యి తవ్వాక మా నాయనమ్మ వాళ్లమ్మ తన చేత్తో తాడు పట్టి చేద లాగింది. "ఆ రోజంతా నీళ్లు తోడుతూనే ఉందంటరా మా అమ్మ. ఇంట్లో కుండలు నిండిపోయినా ఆపలేదంట" అనేది నాయనమ్మ.

రెండోది చెట్లు. పేటలో నీడ లేదు. కొబ్బరి తోటలు రైతులవి. దింపు తీసేది మనవాళ్లు, కాయ ఒలిచేది మనవాళ్లు, మట్టలు మోసేది మనవాళ్లు, తోట మాత్రం మనది కాదు. కింద పడ్డ కాయ తీస్తే దొంగతనం. కాంపౌండులో దొరసాని నాటించిన నిద్రగన్నేరు, రెండు నేరేళ్లు, ఒక పనస ఉండేవి. ఎవరూ కేకలేయకుండా మన పిల్లలు ఎక్కగలిగిన మొదటి చెట్లు అవి.

మూడోది నేల. ఆ కాంపౌండు ఒక్కటే పేట జనం మొత్తానికి ఉమ్మడి జాగా. పెళ్లి అక్కడే, పంచాయితీ అక్కడే, చావు కూడిక అక్కడే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు తర్వాత, క్రైస్తవులమని రాయించుకున్నవాళ్లు ఎస్సీ జాబితాలోంచి బయటికి పోయారు. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో ఆ తలుపు తెరిచారు. మనకి తెరవలేదు. ఇక్కడ బీసీ-సీ అని ఒక చీటీ ఇచ్చారు. కులం ఊళ్లో అలాగే ఉంది, హక్కు కాగితం మీద పోయింది. అప్పుడు కూడా మిగిలింది ఆ కాంపౌండే.

అందుకే చెబుతున్నాను. సృష్టి సంరక్షణ అనే పాఠం మన పేటకి ఈమధ్య ఎక్కడి నుంచో దిగుమతి అవలేదు. మిషను బడి మనకి అక్షరాన్ని ఎంత ఇచ్చిందో, నీళ్లనీ నీడనీ నేలనీ అంత ఇచ్చింది. ఆ మూడూ తీసేసి గోడకి అక్షరం ఒక్కటే రాస్తే అది మిషను బడి కాదు.

*

సృష్టి అంటే మా చిన్నప్పుడు ఒక అయ్యగారు బాగా ప్రసంగం చేసేవారు. దేవుడు మనిషిని భూమిని ఏలమన్నాడు, చేపల్నీ పక్షుల్నీ ఏలమన్నాడు అని గొంతెత్తి చెప్పేవారు. ఇంటికొచ్చాక నాయనమ్మ అంది, "మనం ఏలిందెప్పుడురా, కాశాం గానీ."

ఆదికాండం రెండో అధ్యాయం తీసి చూడండి. అక్కడ ఆదాముని తోటలో పెట్టింది సాగు చేయడానికి, కాయడానికి. సాగు చేసి కాసేవాణ్ణి మన గోదావరి జిల్లాల్లో ఏమంటారు? పాలేరు అంటారు. మొదటి మనిషి మా నాయనమ్మ లెక్కలో పాలేరే. మొదటి అధ్యాయంలో ఏలేవాణ్ణి చూసినవాళ్లు తోటలు కొన్నారు. రెండో అధ్యాయంలో పాలేరుని చూసినవాళ్లు ఆ తోటల్ని కాశారు. ఈ రెండు చదువుల మధ్య తేడా తెలియని పర్యావరణ ప్రసంగం మన పేటలో నిలబడదు.

*

మన కాళ్ల కింద కర్బనం సంగతి కూడా చెప్పుకుందాం. కోనసీమలో కార్బన్ అనే మాటకి రంగూ వేడీ ఉన్నాయి.

1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి పేలింది. ఆ మంట 65 రోజులు మండింది. మార్చి 15కి గానీ ఆరలేదు. నేను అప్పుడు తొమ్మిదో తరగతి. రాత్రి పూట మా పేట నుంచి చూస్తే ఆకాశం ఒక పక్క ఎర్రగా ఉండేది. కరెంటు లేని మా ఇంట్లో ఆ వెలుగు గోడ మీద పడేది. మా నాన్న "మన కింద ఇంత ఉందంటరా" అన్నాడు. ఆ ఏడు వేసవి పరీక్షలకి మేం కిరసనాయిలు బుడ్డీ పెట్టుకునే చదివాం.

2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గెయిల్ పైపులైను పేలింది. నిద్రలో ఉన్న మనుషులు కాలిపోయారు. ఇరవై మందికి పైగా చనిపోయారు. పాశర్లపూడీ నగరమూ రెండూ మామిడికుదురు మండలమే. భీమన్న గారి మండలం.

మధ్యలో 1996 నవంబరు 6 తుపాను. వెయ్యి మందికి పైగా పోయారు. కొబ్బరి చెట్లు లక్షల్లో పడిపోయాయి. తోట పోయిన రైతుకి నష్టపరిహారం లెక్క రాశారు. దింపు తీసేవాడికి పని పోయింది, వాడి పేరు మీద చెట్టు లేదు కాబట్టి వాడి నష్టం ఏ కాగితంలోకీ ఎక్కలేదు. ఆ రాత్రి మా పేట జనం అంతా ఉన్నది ఎక్కడో తెలుసా? బడిలో. అప్పటికి తాటాకు పోయి శ్లాబు పడింది. కింద మోకాలి లోతు నీళ్లు, బల్లల మీద పిల్లలు, మేష్టారి కుర్చీలో మా నాయనమ్మ.

సముద్రం వేడెక్కితే తుపానులు బలపడతాయని ఇప్పుడు శాస్త్రవేత్తలు చెబుతున్నారు. సముద్రాన్ని వేడెక్కించింది ఎవరి పొగ? సగటు అమెరికావాడు ఏడాదికి 14 టన్నుల పైచిలుకు బొగ్గుపులుసు వాయువు వదులుతాడు. సగటు భారతీయుడు సుమారు 2 టన్నులు. ఆ 2 టన్నుల సగటులో అంబానీ ఉన్నాడు, మా పేటలో కాయలొలిచే పెద్దమ్మ కూడా ఉంది. కాబట్టి మా పెద్దమ్మని పట్టుకుని నీ ఫుట్‌ప్రింట్ తగ్గించుకో అనే ముందు ఒక్క క్షణం ఆగాలి.

*

అంటే మనం ఏమీ చేయక్కర్లేదా? అలా అనడం లేదు. ఇక్కడే మేష్టారి ప్రశ్నకి జవాబు.

ఆయన బడి లెక్క వేద్దాం. నాలుగు ఫ్యాన్లు, నాలుగు ఎల్‌ఈడీ ట్యూబులైట్లు. పాత ఫ్యాను 75 వాట్లు. రోజుకి ఆరు గంటలు, ఏడాదికి 220 రోజులు తిరిగితే సుమారు 100 యూనిట్లు. నాలుగు ఫ్యాన్లకి 400. లైట్లకి ఇంకో 100 వేసుకోండి. మొత్తం 500 యూనిట్లు. మన దేశపు గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటుకి సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. అంటే ఏడాదికి 350 కిలోలు. మధ్యాహ్న భోజనానికి నెలకో గ్యాస్ బండ అనుకుందాం, పది నెలలకి పది. 14.2 కిలోల బండ కాలిస్తే సుమారు 42 కిలోలు. పది బండలకి 420. బడి మొత్తం ఏడాది లెక్క 770 కిలోలు. ఇరవై ముగ్గురు పిల్లలు.

ఇప్పుడు బడి మూసేద్దాం. ఆ పిల్లల్లో సగం మందైనా తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంగ్లీషు మీడియం బడికి వ్యానులో వెళ్తారు. రానూ పోనూ, ఖాళీగా తిరిగేదీ కలిపి రోజుకి 36 కిలోమీటర్లు. లీటరుకి 12 కిలోమీటర్లు వస్తుందనుకుంటే రోజుకి మూడు లీటర్ల డీజిల్. ఏడాదికి 660 లీటర్లు. లీటరు డీజిల్‌కి సుమారు 2.68 కిలోలు. మొత్తం 1,770 కిలోలు. ఒక్క వ్యాను, సగం మంది పిల్లలు, బడి మొత్తం లెక్కకి రెండింతల పైన. ఇంకా ఆ కొత్త బడి కరెంటు కలపలేదు. పెద్ద బస్సయితే, రోజుకి 60 కిలోమీటర్లు తిరిగి లీటరుకి ఐదు ఇస్తే, ఏడాదికి ఏడు టన్నులు. వంద ఫ్యాన్లు ఏడాదంతా తిరిగినా ఏడు టన్నులే.

మేష్టారూ, మీరు అడిగిన దానికి ఇదీ జవాబు. మీ బడి మూసేస్తే లెక్క రెండింతలు దాటుతుంది. ఆ హాల్లో కూర్చున్నవాళ్లలో బడి మూసే నిర్ణయం చేసేవాళ్లూ ఉన్నారు. ఫ్యాన్లు మారుద్దామని తీర్మానం రాసుకుని వెళ్లారు.

2021లో ఎయిడెడ్ బళ్ల మీద ప్రభుత్వం ఒత్తిడి పెట్టినప్పుడు చాలా మిషను బళ్లు ఊగిపోయాయి. 2022లో జీవో 117తో సర్కారు బళ్లలో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్లకి తరలించారు. అన్నీ చదువు నాణ్యత కోసమే అన్నారు. ఈ నిర్ణయాలకి ఎవరూ కార్బన్ లెక్క వేయలేదు. పేట పిల్లాడి కాళ్ల లెక్క అసలే వేయలేదు.

ఇంకో నిజం దాచకూడదు. మన పిల్లల్ని వ్యాను ఎక్కించింది మనమే. ఇంగ్లీషు కోసం ఎక్కించాం, తప్పు పట్టను. నా కూతురు కూడా వ్యానులోనే వెళ్లింది. పేట బడి అంటే అంటరానితనం వల్ల పుట్టిన బడి, అందులోంచి బయటపడటమే విముక్తి అనుకున్నాం. ఆ ఆలోచనలో సగం నిజం ఉంది. కానీ బడి దగ్గరగా ఉండటం అవమానం కాదు, అందులో ఇంగ్లీషూ లెక్కలూ సరిగ్గా చెప్పకపోవడమే అవమానం. మనం అడగాల్సింది బడి బాగుచేయమని. మనం మాత్రం వ్యాను ఎక్కాం.

*

బయటి ప్రపంచం ఏం చేస్తోందో కూడా చూద్దాం. చర్చ్ ఆఫ్ ఇంగ్లండు 2020 ఫిబ్రవరిలో వాళ్ల సినడ్‌లో తీర్మానం చేసుకుంది, 2030 నాటికి నెట్ జీరోకి రావాలని. వాళ్ల కింద నాలుగున్నర వేలకి పైగా బళ్లున్నాయి. అక్కడ పెద్ద ఖర్చు చలికాలంలో గదులు వెచ్చబెట్టడం. మన దగ్గర గది వెచ్చబెట్టేది సూర్యుడే, ఉచితంగా. 2015లో పోప్ ఫ్రాన్సిస్ 'లౌదాతో సీ' రాస్తూ భూమి ఏడుపూ పేదల ఏడుపూ వేరు కాదన్నారు. మన దక్షిణాదిలో సీఎస్‌ఐ తన బళ్లలో హరిత పాఠశాలల కార్యక్రమం నడుపుతోంది. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2006 నుంచి ఒక పద్ధతి నేర్పుతోంది: గాలి, శక్తి, తిండి, నేల, నీరు, చెత్త, ఈ ఆరింటినీ పిల్లలే కొలిచి రాస్తారు. ఈ పద్ధతి నాకు నచ్చింది. లెక్క పిల్లల చేతిలో ఉంటుంది.

దాన్ని మన పేట బడికి తెచ్చుకుంటే ఎలా ఉండాలో నాకు తోచింది రాస్తాను. తప్పులుంటే దిద్దండి.

1. ముందు నేల. కాంపౌండు కొలిచి, సర్వే నంబరు గోడ మీద రాయాలి. పిల్లలకి మొదటి పర్యావరణ పాఠం అదే. అమ్ముకున్న నేల మీద మొక్క నాటలేం.

2. ఉన్న చెట్లకి రిజిస్టరు రాయాలి. ఎవరు నాటారు, ఎంత చుట్టుకొలత. పెద్దల తీర్మానం లేకుండా కొమ్మ కూడా కొట్టకూడదు.

3. నుయ్యి పూడిక తీయాలి. శ్లాబు మీద పడిన వాన నీళ్లు దాంట్లోకి వెళ్లాలి. సముద్రం పక్క ఊళ్లలో చేపల చెరువులు, రొయ్యల చెరువులు వచ్చి మంచినీళ్లు ఉప్పెక్కుతున్నాయి. వాన నీళ్లే దిక్కు.

4. పాత ఫ్యాన్లు పాడైనప్పుడు 30 వాట్ల లోపు తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు కొనాలి. శ్లాబుకి సున్నం వేస్తే గది చల్లబడుతుంది, అది మా పేట మేస్త్రీ ఒక్క రోజులో చేస్తాడు. డబ్బుంటే సోలారు.

5. క్రిస్మస్‌కీ మహాసభలకీ ఫ్లెక్సీలు, థర్మోకోల్ ప్లేట్లు మానాలి. కొబ్బరి మట్టలతో పందిరి వేయగలిగిన మనుషులు కోనసీమ నిండా ఉన్నారు. వాళ్లకి కూలి దొరుకుతుంది.

6. అన్నిటికంటే ముఖ్యం, నడిచి వచ్చే బడిని మూయకూడదు. పాతికమంది పిల్లలున్నా, పదిమంది ఉన్నా. ఒక ఇంగ్లీషు టీచరమ్మ జీతం ఆ వ్యాను డీజిల్ కంటే మేలైన ఖర్చు.

*

చివరగా నా బడి సంగతి. ఊరి పేరు, సంఘం పేరు రాయను. రాస్తే మనుషుల మీదికి పోతుంది, విషయం పక్కకి పోతుంది.

మా బడి నాలుగేళ్ల కిందట మూతపడింది. మొదట ప్రహరీ గోడ కొట్టి రోడ్డు వైపు ఆరు షాపులు కట్టారు. అద్దెలు సంఘానికి ఉపయోగం అన్నారు. అప్పుడు నిద్రగన్నేరు పోయింది. నేను ఊళ్లో లేను, మా తమ్ముడు ఫోను చేసి చెప్పాడు. నుయ్యి మీద శ్లాబు వేసి దాని మీద జనరేటరు పెట్టారు. ఇప్పుడు వెనక సగం కూడా లీజుకి ఇద్దామని ప్రతిపాదన. అక్కడ ఇంకా ఒక నేరేడు ఉంది, తుపాను రాత్రి మేం తలదాచుకున్న రెండు గదులున్నాయి. వచ్చే నెల రెండో ఆదివారం ఆరాధన తర్వాత పెద్దలు కూర్చుంటారు.

నేను వెళ్తున్నాను. పేటలో ఇప్పుడు బడికి పోయే వయసు పిల్లలు ఎంతమందో మా తమ్ముడు ఇంటింటికీ తిరిగి రాశాడు. ముప్ఫై ఒక్కరు. పదకొండు మందికి వ్యాను ఫీజు బాకీ ఉంది. ఆ కాగితం తీసుకుని వెళ్తాను. పైన వేసిన డీజిల్ లెక్క తీసుకుని వెళ్తాను. సృష్టి సంరక్షణ మీద మన సంఘాలు చేసిన తీర్మానం కాపీ ఒకటి కూడా పట్టుకెళ్తాను, అది వాళ్లు చేసిందే కదా.

గెలుస్తామో లేదో తెలియదు. సంఘంలో మాట చెల్లేవాళ్లు వేరే ఉన్నారు. కానీ చేద తాడు తన చేత్తో లాగిన మా ముత్తవ్వ పేరు మినిట్సు పుస్తకంలో ఒకసారి ఎక్కిస్తాను.

రాజోలు, కొత్తపేట, అమలాపురం వైపు మిత్రులకి ఒక మనవి. మీ పేటలో మూతపడిన మిషను బడి ఉంటే, దాని నుయ్యీ చెట్లూ ఇప్పుడు ఏమయ్యాయో కింద రాయండి. ఏ సంవత్సరంలో కట్టారో పెద్దవాళ్లని అడిగి రాయండి. ఫొటో ఉంటే పెట్టండి. పెద్దవాళ్లు పోకముందే ఈ పని అయిపోవాలి.

వచ్చే వారం చెరువు. ఈసారి తప్పదు.

జై భీమ్.